పదిహేను వందల సాంగ్రియా కిట్: జాడీ బాగుంది, పొట్లాలు బాగాలేవు

ఎర్ర వైనులో పండ్ల ముక్కలు నానబెట్టి, కాస్త పంచదార, ఒక దాల్చినచెక్క ముక్క చేర్చి, బాగా చల్లబరచి తాగే స్పెయిన్ దేశపు పానీయం సాంగ్రియా. దానిని ఇంట్లో తయారు చేసుకోవడానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది పంపుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కిట్‌ను ఈ వేసవిలో తెప్పించి, భీమవరంలోని మా ఇంట్లో వాడి చూశాను. తయారీదారు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఇంచుమించు ఇవే వస్తువులతో రకరకాల పేర్ల మీద ఇలాంటి పెట్టెలు దొరుకుతున్నాయి కనుక, కొనాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నవారికి పేరు కంటే లోపలి సరుకు గురించిన వివరమే ఎక్కువ ఉపయోగపడుతుంది. రవాణా ఖర్చుతో కలిపి రూ.1,490 అయింది. ఇందులో వైను ఉండదు. అది మనం విడిగా దుకాణానికి వెళ్లి కొనుక్కోవలసిందే, మన రాష్ట్రంలో అందుకు 21 ఏళ్లు నిండి ఉండాలి.

పెట్టెలో మూత బిగువుగా పట్టే లీటరున్నర గాజు జాడీ, పొడవాటి కర్ర గరిటె, ఎండబెట్టిన నారింజ చక్రాలు, నిమ్మ చక్రాలు, ఆపిల్ ముక్కలు ఉన్న ఒక పొట్లం, 100 గ్రాముల గోధుమరంగు పంచదార, దాల్చినచెక్కతో పాటు లవంగాలు, అనాసపువ్వు కలిపిన మరొక చిన్న పొట్లం, తయారీ విధానం అచ్చువేసిన ఒక కార్డు ఉన్నాయి. వీటిలో జాడీని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. గాజు మందంగా ఉంది, మూతలోని రబ్బరు వాషరు గట్టిగా పట్టడం వల్ల ఫ్రిజ్‌లో చోటు చాలక పక్కకు వాల్చి పెట్టినా చుక్క కూడా కారలేదు, చెయ్యి లోపలికి పెట్టి కడుక్కోవడానికి వీలైనంత వెడల్పుగా నోరు ఉంది. వైనుకు సహజంగా పులుపు ఉంటుంది కనుక ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు ఈ పనికి తగవు. స్టీలుతో ఇబ్బంది లేదు గానీ గాజు, పింగాణీ అన్నిటికన్నా నయం. పింగాణీ అన్నాను కదా అని అటక మీది ఊరగాయ జాడీని దించకండి, ఎన్నిసార్లు తోమినా దాని గోడల్లో ఇంకిన ఆవపిండి, వెల్లుల్లి వాసన వైనుకు పట్టుకుంటుంది. కర్ర గరిటె కూడా ఉత్త అలంకారం కాదు. పండ్ల ముక్కలను జాడీ గోడకు అదిమి పెట్టి, చితికిపోకుండా రసం మాత్రమే వదిలేలా నొక్కడానికి కర్ర గరిటె సుఖంగా ఉంటుంది.

కార్డు దగ్గరికి వచ్చేసరికి నా మెచ్చుకోలు తగ్గింది. అందులో ఇది వేల ఏళ్ల నాటి అసలైన స్పానిష్ పానీయమని పెద్ద అక్షరాలతో వేశారు. వైనులో పండ్లు, సుగంధద్రవ్యాలు కలుపుకుని తాగే అలవాటు ఐరోపాలో పాతదే, కాదనడానికి లేదు; అయితే సాంగ్రియా అన్న పేరుతో ఈ పానీయం అమెరికాలో పెద్ద ఎత్తున వ్యాపించింది 1964-65లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో, స్పెయిన్ మండపంలో దానిని వడ్డించిన తరువాతనే. ఇక అసలుతనం మాటకొస్తే, యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన నిబంధన ప్రకారం స్పెయిన్‌లో గానీ పోర్చుగల్‌లో గానీ తయారైన పానీయాన్ని మాత్రమే ఆ సంఘ దేశాల్లో సాంగ్రియా పేరుతో అమ్మవచ్చు. అందులో మద్యసారం 4.5 శాతానికి తగ్గకుండా, 12 శాతానికి లోపుగా ఉండాలి; రంగు వేయకూడదు; సువాసన ప్రధానంగా నిమ్మజాతి పండ్ల నుంచి రావాలి, సుగంధద్రవ్యాలు వేయడం మాత్రం ఐచ్ఛికం. ఇంట్లో కలుపుకునేవారిని ఏ చట్టమూ అడగదు గానీ, ఈ నిబంధనలో ఒక మంచి కొలబద్ద ఉంది: పండు ముందు, మసాలా వెనుక. నేను కొన్న కిట్ ఈ వరుసను తలకిందులు చేసింది.

ముందు కార్డులో చెప్పినది చెప్పినట్టే చేశాను. రెండు పొట్లాలూ, పంచదారంతా జాడీలో వేసి, సీసా వైను పోసి, ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచాలన్నది వారి విధానం. మొదటి గంట గడిచి మూత తీసినప్పుడు నారింజ తొక్క వాసన నిజంగా హాయిగా ఉంది. అక్కడితో ఆపి వడగట్టుకుని ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేదేమో. సాయంత్రానికి ఎండు చక్రాలు వైనును పీల్చుకుని ఉబ్బాయి, వాటి అంచున తొక్కకూ గుజ్జుకూ నడుమ ఉండే తెల్లటి పొర ఊదారంగు స్పంజిలా తయారైంది. నిమ్మజాతి పండ్లలో చేదు ఎక్కువగా ఉండేది ఆ తెల్లపొరలో, గింజల్లో, తొనలను వేరుచేసే పలుచని పొరల్లో. పచ్చి పండైతే ఆ చేదును కప్పడానికి దానిలోనే తీయటి రసం కూడా ఉంటుంది; ఎండుచక్రంలో రసం ఆవిరైపోయి తొక్క, పొర, చేదు మిగులుతాయి. మర్నాటికి ఆ చేదు గుక్క మింగిన తరువాత నాలుక వెనుక భాగంలో పట్టుకుని వదల్లేదు. దాన్ని దాచడానికే కాబోలు అంత పంచదార ఇచ్చారు: 100 గ్రాములూ కరిగాక పానీయం ముందు పానకంలా తీయగా, వెనుక వేపపుల్లలా చేదుగా రెండు ముక్కలైపోయింది. అదే సీసా వైనుకు పచ్చి పండ్లు వాడినప్పుడు 40 గ్రాముల పంచదార సరిపోయింది.

మసాలా పొట్లం సంగతి ఇంకా కష్టం. సాంప్రదాయికంగా స్పెయిన్ ఇళ్లలో సాంగ్రియాకు వేసే మసాలా ఏదైనా ఉందంటే అది ఒక దాల్చినచెక్క, అది కూడా వేయనివారు ఎందరో ఉన్నారు. లవంగాలు, అనాసపువ్వు వేసి వైనును వేడిచేసి తాగడం జర్మనీ వైపు చలికాలపు అలవాటు. దాన్ని తెచ్చి చల్లటి పానీయంలో కలిపితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికన్నా ముందు మా అత్తగారు చెప్పారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోకుండానే, వంటింటి గుమ్మంలోంచి, "బిర్యానీకి ఎసరు పెట్టారా ఏమిటర్రా?" అని అడిగారు. ఆవిడ మాటలో అతిశయోక్తి లేదు. మన ముక్కుకు అనాసపువ్వు, లవంగం, దాల్చినచెక్క కలిసి వచ్చాయంటే గుర్తుకొచ్చేది ధమ్ బిర్యానీయే తప్ప మధ్యధరా తీరం కాదు. పైగా పొట్లంలో ఉన్నది మన కిరాణాకొట్లలో దొరికే మందపాటి చెక్కే, అంటే కాసియా రకం; ఘాటు, వగరు రెండూ ఎక్కువ. చుట్టలా పలుచటి పొరలు పొరలుగా ఉండే సిలోన్ రకం దొరికితే వేలెడు ముక్క చాలు, రెండు గంటలకు తీసేయాలి.

ఇక కిట్‌లోని జాడీని, గరిటెను మాత్రం ఉంచుకుని, పొట్లాలను పక్కన పెట్టి పచ్చి పండ్లతో కలిపినప్పుడు తేలిన సంగతులు రాస్తాను. కిట్ విలువ ఎంతో తూచడానికి అవే ఆధారం. ఇక్కడ డెల్టావాసులకు ఒక చిక్కు ఉంది. సాంగ్రియా తాగాలనిపించేది ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో. నాగపూర్ కమలాలు మన బజారుకు విరివిగా వచ్చేది మాత్రం చలికాలంలోనూ, వేసవి తలుపు తట్టే దాకానూ. ఎండలు ముదిరాక పండ్ల దుకాణాల్లో కనిపించే ఆరంజిపండ్లు దిగుమతి సరుకు, తొక్క మీద మైనపు పూత ఉంటుంది, గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగితే గానీ ముక్కలు కోయకూడదు. అప్పుడు సులువుగా, చవకగా దొరికేది బత్తాయి. బత్తాయి రసం తీసి కాసేపు ఉంచితే చేదెక్కుతుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు; రసం తీసిన తరువాత అందులోని ఒక పదార్థం పులుపు ప్రభావంతో నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడమే అందుకు కారణం. కాబట్టి బత్తాయిని వైనులో గంటల తరబడి నానబెట్టకూడదు, వడ్డించే ముందు అప్పటికప్పుడు రసం తీసి, గింజలు వడగట్టి కలపాలి. నానబెట్టడానికి ఒక దిగుమతి ఆరంజి, తొక్క తీయని ఒక ఆపిల్ సరిపోతాయి. మన నిమ్మకాయ స్పెయిన్‌లో వాడే పెద్ద నిమ్మ కాదు, చిన్నదీ, పులుపు, ఘాటు ఎక్కువైనదీ కనుక చక్రాలుగా కోసి వేయకుండా సగం చెక్క రసం పిండితే చాలు.

అక్కడ వేసవిలో పీచ్ పండ్లు వేస్తారు. వాటి బదులు బాగా ముగ్గకముందే, కోస్తే ముక్క నిలబడే బంగినపల్లి మామిడి వేసి చూశాను. రంగు, కండ బాగానే కుదిరాయి గానీ రెండు గంటలు దాటితే జాడీలో మామిడి తప్ప మరొకటి వినిపించదు. రసాల జోలికి పోవద్దు, పీచు వదిలి వైనంతా మురికిచేస్తాయి. అనాసపండు కూడా అంతే పెత్తనం చేస్తుంది. నా మట్టుకు వినాయక చవితి రోజుల్లో కోనసీమ సంతల్లోకి వచ్చే పంపరపనస తొనలు, పైపొర ఒలిచి వేస్తే, ఈ పానీయానికి మనవైపు దొరికే పండ్లన్నిటిలోకీ బాగా నప్పుతాయి: తీపి తక్కువ, పులుపు మెత్తన, ముక్క గంటల తరబడి నానినా విడిపోదు.

పద్ధతి చెప్పడానికి పెద్దగా లేదు. కోసిన ముక్కల మీద పంచదార చల్లి, గరిటెతో ఒకటి రెండుసార్లు నొక్కి, అరగంట ఉంచితే ముక్కలు రసం వదిలి పంచదార దానిలోనే కరుగుతుంది. చల్లటి వైనులో నేరుగా వేసిన పంచదార అడుగున పేరుకుంటుంది తప్ప కరగదు. ఆ తరువాత వైను పోసి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒక రోజంతా ఉంచమన్న కార్డు మాట పచ్చి పండ్లకు కూడా వర్తించదు.

కిట్ తయారీదారు మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఈ పానీయంలో సగానికి పైగా వైనే. దాని గురించి కార్డులో ఉన్నది "మీకు నచ్చిన ఏదైనా ఎర్ర వైను" అన్న ఒక్క వాక్యం. కొనేవాడికి సలహా కావలసింది సరిగ్గా అక్కడే. స్పెయిన్‌లో దీనికి టెంప్రానియో, గార్నాచా ద్రాక్షలతో చేసిన లేత వైను వాడతారు. కర్రపీపాల్లో ఏళ్ల తరబడి ముదిరిన, అక్కడి రియోహా ప్రాంతపు వైను సీసాను ఎవరూ పండ్లలో పోయరు, ఎందుకంటే పీపా కర్ర నుంచి వచ్చే వగరూ తొక్క చేదూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. మన దుకాణాల్లో దిగుమతి సీసా దొరికినా సుంకాలతో ధర మోగిపోతుంది, దాన్ని ఇలా వాడడం దుబారా. నాసిక్ ప్రాంతంలో తయారయ్యే మామూలు షిరాజ్, కాబెర్నే రకాలలో పీపాలో ఉంచని చవక సీసా ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: పోర్టు పేరుతో మన దుకాణాల్లో దొరికే తీపి వైను పనికిరాదు. పోర్చుగల్ దేశంలో దౌరో లోయలో చేసే అసలు పోర్టుకు దీనితో పోలిక లేదన్నది అటుంచి, ఇప్పటికే తీయగా ఉన్న వైనులో పండ్లు, పంచదార వేస్తే దగ్గు మందులా తయారవుతుంది. సీసా మీద డ్రై అని ఉన్నది చూసి తీసుకోవాలి.

2019 నుంచి ఐదేళ్లపాటు ప్రభుత్వ దుకాణాల్లో ఏ సీసా ఉంటే అది కొనుక్కోవలసి వచ్చిన రోజులతో పోలిస్తే, 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరిచాక ఎంపిక మెరుగుపడింది. అయినా మన పట్టణాల్లో బ్రాందీ, విస్కీ, బీరు కదిలినంత వేగంగా వైను కదలదు. పై అరలో, రేకుల కప్పు కింద, ఎండాకాలమంతా నిలబడి ఉంటుంది. వేడికి ఉడికిన వైను మూత తీయగానే జామ్ వాసన కొడుతుంది, దానిని ఏ పండూ బాగుచేయలేదు. కార్కు మూతి కంటే పైకి ఉబ్బినా, మెడ మీద జిగట చారిక ఉన్నా ఆ సీసా వద్దనండి. లేబులు మీద సీసాలో నింపిన తేదీ చూడండి. మర మూత సీసా దొరికితే మన వాతావరణానికి అదే మేలు. యానాంలో ఎంపిక ఎక్కువని మావాళ్లు ఊరిస్తూ ఉంటారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు కనుక వైనుతో దానికి మనకన్నా పాత పరిచయమే ఉండవచ్చు గానీ, అనుమతి లేకుండా సీసాలు సరిహద్దు దాటించడం నేరం, ఒక జాడీ సాంగ్రియా కోసం చెక్‌పోస్టు దగ్గర తలవంచుకుని నిలబడనక్కరలేదు.

బ్రాందీ పోయాలా అన్నది తరువాతి ప్రశ్న. స్పెయిన్‌లో కొందరు చిన్న గ్లాసెడు బ్రాందీ కలుపుతారు, అది ద్రాక్ష సారాయి. మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలా భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన సారాయికి రంగు, వాసన కలిపినవే కనుక, ఆ మాడిన పంచదార వాసన వైనును మింగేస్తుంది. లెక్క కూడా చూసుకోవాలి. 13 శాతం మద్యసారం ఉన్న 750 మిల్లీలీటర్ల వైనుకు పావు లీటరు పండ్లరసం, పావు లీటరు సోడా చేరితే మొత్తం పానీయంలో మద్యసారం దాదాపు 7.8 శాతం, అంటే స్ట్రాంగ్ బీరంత. అందులో 42.8 శాతం ఉన్న బ్రాందీ 60 మిల్లీలీటర్లు పోస్తే అది దాదాపు 9.4 శాతానికి ఎక్కుతుంది. చల్లదనం, తీపి, పండ్ల వాసన దాన్ని తెలియనివ్వవు. బండి మీద తిరిగి వెళ్లవలసిన అతిథికి ఈ సంగతి ముందే చెప్పడం ఆతిథ్యంలో భాగం. కార్డులో దీని గురించి ఒక్క ముక్క లేదు.

సోడా గ్లాసులో పోసేటప్పుడే కలపాలి, జాడీలో ముందే పోస్తే గంటలో చప్పబడిపోతుంది. అక్కడివారు వాడే గాసెయోసా కొద్దిగా తీపి, నిమ్మ వాసన ఉన్న సోడా. మామూలు సోడాలో సగం చెక్క నిమ్మరసం, చెంచాడు పంచదార పాకం కలిపితే దానికి దగ్గరగా వస్తుంది. మాద్రిద్‌లో చదువుకుంటున్న మా బావగారి అబ్బాయి ఫోనులో, "మావయ్యా, ఇక్కడివాళ్లు మామూలు రోజుల్లో ఇంత తతంగం పెట్టుకోరు, వైనులో ఆ సోడా పోసుకుని తాగేస్తారు" అని చెప్పాడు. టింటో దె వెరానో అంటే అదే, మన ఎండలకు ఆ పద్ధతి కూడా చెడ్డదేమీ కాదు. అదే ఫోనులో, రామచంద్రపురంలో తయారయ్యే ఆర్టోస్ కూల్‌డ్రింకు కలిపి చూడమని కూడా అన్నాడు. ఆర్టోస్‌ను నేను ఆర్టోస్‌గానే తాగుతాను. ఐసు ఇంట్లో కాచి చల్లార్చిన నీటితో పెద్ద ముక్కలుగా చేసుకోవాలి. మన ఊళ్లలో సందుకొకటిగా ఉన్న ఐసు ఫ్యాక్టరీల దిమ్మలు రొయ్యలను, చేపలను లారీలకెక్కించడానికి, గ్లాసుల్లో వేసుకోవడానికి కాదు.

పక్కన ఏం పెట్టాలో కూడా కార్డు చెప్పింది: చీజు, ఆలివ్ కాయలు. మేము రొయ్యల వేపుడు పెట్టుకున్నాం. వగరైన ఎర్ర వైను ఒక్కటీ తాగితే మన కారం నోట్లో మరింత మండుతుంది. పండ్ల తీపి, సోడా, చల్లదనం కలిసిన సాంగ్రియా ఆ మంటను అదుపులో పెడుతుంది, అందుకే గోదావరి జిల్లాల వేపుళ్లకు ఇది వైను కన్నా సరైన జోడీ అనిపించింది.

కిట్ మళ్లీ కొనను. వానాకాలంలోనో, మంచి పండు దొరకని చోటనో ఉండేవారికి ఎండు చక్రాలు కొంత అక్కరకు రావచ్చు, అయితే గంటకు మించి నానబెట్టకుండా తీసేయాలి, మసాలా పొట్లంలో దాల్చినచెక్క మాత్రమే వాడాలి, పంచదారలో సగానికి పైగా పక్కన పెట్టాలి. జాడీని, గరిటెను విడిగా అమ్మితే మాత్రం మరొక జత కొంటాను, ఆ మాట వారికి రాశాను కూడా. మా దగ్గర విడిగా అమ్మకం లేదని జవాబు వచ్చింది.

మిగిలిన సాంగ్రియాను పండ్ల ముక్కలు తీసేసి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు బాగుంటుంది, ఆ తరువాత పులుపెక్కుతుంది. తీసేసిన ముక్కలు చూడటానికి మామూలు పండ్లలాగే ఉంటాయి గానీ వైనునంతా పీల్చుకుని ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటే వాటిని గిన్నెలో వేసి బల్ల మీద వదలకుండా వెంటనే పారవేయాలి.